బెత్తెడు చేపకు బారెడు తొట్టి

దసరా సెలవులకు దెగ్లూర్ పోయిన మొదటి రాత్రే నాకు నిద్ర పట్టలేదు. ముందర అర్రలోంచి ఉండి ఉండి ఠప్పుమని చప్పుడు. పిల్లేమో అనుకుని లేచి లైటు వేశాను. పిల్లి కాదు, చేపలు. లైటు పడగానే రెండూ బెదిరి దూసుకుపోబోయాయి. దూసుకుపోవడానికి అక్కడ జాగా ఏది? ఎటు కదిలినా అద్దమే. రెండింటి ముక్కులూ పుండ్లు పడి తెల్లగా ఉన్నాయి.

ఉగాదికి మా తమ్ముడు వాటిని తెచ్చినప్పుడు నేను ఇంట్లోనే ఉన్నాను. అప్పుడు నాలుగు ఉండేవి. ఒక్కొక్కటి చిటికెన వేలంత. వెండి రంగు ఒళ్ళు, పక్కల నల్లటి చార, వీపు మీద నిక్కిన రెక్క. దుకాణంలో వాటిని 'షార్క్' అని అమ్మారు. "పెద్దగయితయా?" అని బాపు అడిగితే, "తొట్టి ఎంతుంటే చేప గంతే ఉంటది, ఏం గాదు" అన్నారట. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టి కూడా అక్కడే కొన్నారు. ఆర్నెల్లు తిరిగేసరికి రెండు చచ్చిపోయాయి. మిగిలిన రెండు జానెడు దాటాయి.

దుకాణాన్ని తిట్టడానికి ఇది రాయడం లేదు. ఆ మాట దాదాపు అందరూ నమ్మే మాటే, నేనూ నమ్మాను. మనలో చాలామంది ఇళ్ళల్లో చేపల తొట్టి ఉంది, లేదా తమ్ముడో చెల్లెలో కావాలని మారాం చేస్తున్నారు. అందుకని ఆ సెలవుల్లో నేను చదివి, అడిగి, టేపు పెట్టి కొలిచి తెలుసుకున్నదంతా ఇక్కడ పెడుతున్నాను. నేను సైన్సు విద్యార్థిని కాను. తెలుగు డిపార్ట్‌మెంట్ అమ్మాయికి చేపల సంగతి ఎందుకని అనేవాళ్ళు చివరిదాకా చదవాలి, మన కొలతల మాటలు ఇందులో చాలా పనికొచ్చాయి.

ముందు ఆ 'తొట్టి ఎంతో చేప అంత' అన్న మాట సంగతి. ఇందులో కొంచెం నిజం కనిపిస్తుంది, అందుకే బతికి ఉంది. చిన్న తొట్టిలో చేప నిజంగానే తక్కువ పెరుగుతుంది. కానీ అది సర్దుకుపోవడం కాదు, గిడసబారిపోవడం. చాలని కుండీలో మర్రిమొక్కను పెడితే అది ఆ కుండీకి తగినంత మర్రి అవదు కదా. తన మలినమే తన చుట్టూ పేరుకున్న నీళ్ళలో, ఈదడానికి వీల్లేని చోట, చేప ఎదుగుదల మందగిస్తుంది, వెన్ను వంకర పోవచ్చు, రోగాలు తొందరగా అంటుతాయి, ఆయుష్షు తగ్గుతుంది. చచ్చిపోయినప్పుడు మనం "చేపలు ఎన్నాళ్ళుంటయి తియ్" అనుకుంటాం. నిజానికి దుకాణాల్లో దొరికే పెద్ద జాతి చేపలు చాలావరకు పదేళ్ళు, అంతకంటే ఎక్కువే బతికేవి. గోల్డ్‌ఫిష్ కూడా మంచి నీళ్ళలో పదేళ్ళు దాటుతుంది.

ఇక మా ఇంటి 'షార్క్'. అది షార్క్ కానే కాదు. సముద్రంతో దానికి సంబంధమే లేదు. మీసాలుండే జెల్లల జాతిది, వాలుగకు దూరపు చుట్టం. పుట్టిల్లు ఆగ్నేయాసియాలోని మెకాంగ్, చావ్ ఫ్రాయా నదులు. శాస్త్రీయ నామం పంగాసియానోడాన్ హైపోఫ్తాల్మస్. ఈ పేరు నోరు తిరగదు గానీ, ఈ చేపను మనలో చాలామంది తిన్నాం. హోటళ్ళలో ముల్లు లేని తెల్లటి ముక్కలుగా 'బాసా' అని వచ్చేది ఎక్కువగా ఇదే. 1990ల మధ్యలో బంగ్లాదేశ్ మీదుగా పశ్చిమ బెంగాల్‌కు, అక్కడి నుంచి ఆంధ్రా చెరువులకు వచ్చింది. కృష్ణా, పశ్చిమ గోదావరి జిల్లాల రైతులు దీన్ని 'ఫంగస్' అంటారు. బూజును కాదు, పంగాసియస్ నోట్లో నలిగి అలా అయింది. చెరువులో ఏడాది తిరగకముందే కిలో తూగుతుందనే దీన్ని పెంచుతారు. నదిలో స్వేచ్ఛగా పెరిగితే నాలుగడుగులు, నలభై కిలోలు దాటగలదు. తొందరగా పెరుగుతుందని చెరువు రైతు ఏ చేపను ఎంచుకున్నాడో, ఆ చేప పిల్లనే మేము రెండడుగుల తొట్టికి తెచ్చుకున్నాం. ఇది తెలిసిన రాత్రి నాకు నవ్వొచ్చింది, తర్వాత తొట్టి వైపు చూస్తే రాలేదు.

కాబట్టి దుకాణంలో అడగాల్సిన మొదటి ప్రశ్న 'ఇప్పుడు ఎంతుంది' కాదు, 'పెద్దయితే ఎంతవుతుంది'. అమ్మే పిల్లలన్నీ బెత్తెడు లోపే ఉంటాయి. గప్పీ పిల్ల, పంగాస్ పిల్ల పక్కపక్కన ఒకే సైజులో ఉంటాయి. ఒకటి రెండంగుళాల దగ్గర ఆగుతుంది, రెండోది ఆగదు.

పెద్దయ్యాక సైజు తెలిస్తే తొట్టి లెక్క మన నానమ్మల కొలతలతోనే చేయొచ్చు. బెత్తె అంటే నాలుగు వేళ్ళు, సుమారు మూడంగుళాలు. జాన తొమ్మిది అంగుళాలు. మూర అడుగున్నర. బార ఆరడుగులు. లెక్క ఇది: పెద్ద చేప ఎంత పొడవుంటుందో తొట్టి వెడల్పు కనీసం అంత ఉండాలి, కొంచెం ఎక్కువుంటే ఇంకా మంచిది. తొట్టి పొడవు దానికి మూడు, నాలుగు రెట్లు ఉండాలి. వెడల్పు ఎందుకంటే చేప వెనక్కి తిరగాలి. మనలా నిలబడి మడమ తిప్పదు, ఒళ్ళంతా వంచి తిరుగుతుంది. వెడల్పు చాలకపోతే తిరిగిన ప్రతిసారీ తోక, ముక్కు రాసుకుంటాయి. పొడవు ఎందుకంటే నాలుగుసార్లు తోక ఆడించేలోపే గోడ తగిలితే దాన్ని ఈత అనలేం. మా చేపలు జానకు కాస్త ఎక్కువ, పది అంగుళాలు. తొట్టి వెడల్పు పన్నెండు. పొడవు ఇరవై నాలుగు. అంటే తిరగడానికి రెండంగుళాల వెసులుబాటు, ఈదడానికి రెండున్నర ఒళ్ళ దూరం. అదీ రెండు చేపలకు కలిపి.

పుస్తకాల్లో, యూట్యూబ్‌లో ఇంకో లెక్క కనిపిస్తుంది: చేప అంగుళానికి ఇన్ని లీటర్లు అని. చిన్న చేపలకు అది ఏదో నడుస్తుంది. పెద్దవాటికి పనికిరాదు. ఎందుకంటే చేప పొడవులో మాత్రమే పెరగదు, వెడల్పులో, మందంలో కూడా పెరుగుతుంది. బెత్తెడు చేప జానెడు అయిందంటే పొడవు మూడు రెట్లు. బరువు మాత్రం మూడు మూళ్ళు తొమ్మిది, తొమ్మిది మూళ్ళు ఇరవై ఏడు రెట్లు. అదే మూరెడు అయితే పొడవు ఆరు రెట్లు, బరువు 216 రెట్లు. తినేది, విసర్జించేది బరువును బట్టి. ఒక మూరెడు చేప ఉన్న నీళ్ళు ఆరు బెత్తెడు చేపలున్న నీళ్ళంత మురికి అవుతాయనుకుంటే మోసపోతాం. మా అమ్మ ఈ లెక్క వినగానే, "అందుకే గదా నిరుడు కుట్టిచ్చిన అంగీ పోరనికి పట్టుడు లేదు" అంది. అంగీ అయితే విప్పి పారేయొచ్చు.

మురికి అన్నాను కదా, అది కంటికి కనిపించే మురికి కాదు. ఇక్కడే నాకు అసలు విషయం అర్థమైంది. చేప తిన్న మాంసకృత్తుల వ్యర్థం ఎక్కువగా మొప్పల గుండా అమ్మోనియాగా నీళ్ళలో కలుస్తుంది. నీళ్ళు అద్దంలా తేటగా ఉంటాయి, కానీ మొప్పలు మండుతుంటాయి. ఫిల్టర్ స్పాంజిలో, గులకరాళ్ళ మీద కాపురముండే బాక్టీరియా ఆ అమ్మోనియాను మొదట నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. మొదటి రెండూ విషాలే, మూడోది కొద్ది మోతాదులో ఫరవాలేదు. నీళ్ళు మార్చితేనే అది తగ్గేది. కొత్త తొట్టిలో ఈ బాక్టీరియా నిలదొక్కుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మనమేమో పొద్దున తొట్టి కొని సాయంత్రం చేపలు వేస్తాం. మా మొదటి రెండు చేపలు కొన్న ఇరవై రోజుల్లోపే పోయాయి. ఇప్పుడు ఎందుకో తెలుసు. పైగా బాపు శుభ్రం కావాలని ప్రతి ఆదివారం స్పాంజిని నల్లా కింద పిండి పిండి ఉతికేవాడు. అంటే కొద్దో గొప్పో పుట్టిన బాక్టీరియాను క్లోరిన్ నీళ్ళతో వారం వారం కడిగేసేవాడు. స్పాంజిని తొట్టిలోంచి తీసిన పాత నీళ్ళలోనే మెల్లగా పిండాలి.

తొట్టి పెద్దదైతే ఏమవుతుంది? అదే విషం ఎక్కువ నీళ్ళలో పలచబడుతుంది, తప్పు దిద్దుకోవడానికి మనకు సమయం దొరుకుతుంది. అంతే. పెద్ద తొట్టి నిర్వహణ కష్టం, చిన్నది సులువు అనుకుంటాం గానీ తిరగేసి చెప్పాలి. వేడి విషయంలో కూడా అంతే. మా వైపు ఎండాకాలం నలభై డిగ్రీలు దాటడం మామూలే. నీళ్ళు ఎంత వేడెక్కితే అంత తక్కువ ఆక్సిజన్ పట్టి ఉంచుతాయి. ఇరవై డిగ్రీల దగ్గర లీటరుకు తొమ్మిది మిల్లీగ్రాముల చిల్లర, ముప్పై దగ్గర ఏడున్నర. అదే వేడికి అమ్మోనియా విషం ఇంకా పెరుగుతుంది. చిన్న తొట్టి మధ్యాహ్నానికే కాగిపోతుంది, పెద్దది నెమ్మదిగా వేడెక్కి నెమ్మదిగా చల్లారుతుంది. కరెంటు పోయి గాలిమోటరు ఆగితే చిన్న తొట్టిలో పెద్ద చేపకు గంటలే గడువు. పంగాస్ మాత్రం ఇందులో మొండిది, పైకొచ్చి నోటితో గాలి మింగగలదు. బహుశా అందుకే మావి రెండైనా మిగిలాయి.

లీటర్ల లెక్క సులువు. అడుగుల్లో పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి, వచ్చినదాన్ని 28తో గుణిస్తే లీటర్లు. మా తొట్టి రెండు ఘనపుటడుగులు, అంటే 56 లీటర్లు. రాళ్ళు, పైన వదిలిన ఖాళీ తీసేస్తే యాభైకి లోపే. కానీ లీటర్లు ఒక్కటే చూసి కొనకూడదు, ఆకారం కూడా చూడాలి. మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టిలోనూ, అడుగున్నర పొడవు, అడుగు వెడల్పు, రెండడుగుల ఎత్తు తొట్టిలోనూ పట్టే నీళ్ళు సమానమే. గాలి తగిలే పైభాగం మాత్రం మొదటిదానికి రెట్టింపు. షోకేసులా నిలువుగా ఉండేవి చూడ్డానికి అందంగా ఉంటాయి, పెద్ద చేపకు అవి బావి లాంటివి. గుండ్రటి గాజు బుడ్లు అయితే చెప్పనే అక్కర్లేదు. వాటిలో మనీప్లాంట్ పెట్టుకోండి.

పది అంగుళాలున్న మా రెండింటికీ ఆ పూటకు పనికొచ్చే తొట్టి ఏదని మేం ఇంట్లో లెక్క వేశాం. బారెడు పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు. అంటే ఇరవై నాలుగు ఘనపుటడుగులు, సుమారు 680 లీటర్లు. తమ్ముడు సంబరపడ్డాడు. బాపు మాత్రం గోడకు ఆనుకుని కూర్చుని, "బరువెంత?" అన్నాడు. నీళ్ళే 680 కిలోలు. రెండడుగుల ఎత్తు నీళ్ళను ఆపాలంటే 12 మిల్లీమీటర్ల అద్దం కావాలి. అద్దం చదరపు మీటరుకు ఒక్కో మిల్లీమీటరు మందానికి రెండున్నర కిలోలు. నాలుగు పక్కలూ అడుగూ కలిపితే 120 కిలోలు దాటింది. రాళ్ళు, స్టాండు వేస్తే తొమ్మిది వందల కిలోలకు దగ్గర. అదంతా ఒక మంచం కంటే చిన్న జాగాలో. మన ఇళ్ళ స్లాబులను చదరపు మీటరుకు సుమారు 200 కిలోల వాడుక బరువుకు డిజైన్ చేస్తారు. ఈ తొట్టి కింద అది 700 దాటుతుంది. అందుకే ఇంత తొట్టి పెడితే కింది అంతస్తులోనే, గట్టి నేల మీదే పెట్టాలి. పై అంతస్తులో పెట్టాలంటే ఇంజనీరును అడగనిదే పెట్టకూడదు. తొట్టి కింద థర్మాకోల్ షీటు పరవాలి, లేకపోతే నేల మీది చిన్న ఎగుడుదిగుడు కూడా అద్దాన్ని పగలగొడుతుంది. ఇంకొక మాట. అద్దం మందాన్ని నిర్ణయించేది ముఖ్యంగా తొట్టి ఎత్తు. ఎత్తు రెట్టింపైతే పక్క అద్దం మీద నీటి తోపుడు నాలుగు రెట్లవుతుంది. పొడవు పెంచండి, వెడల్పు పెంచండి, ఎత్తు జోలికి పోకండి.

బరువు సంగతి ఎలాగో చూసుకునేవాళ్ళమేమో. నీళ్ళ దగ్గర ఆగిపోయాం. పెద్ద చేపల తొట్టిలో వారానికి పావు వంతు నీళ్ళైనా మార్చాలి. 680లో పావు 170 లీటర్లు. పన్నెండు బిందెలు. మా గల్లీలో నల్లా రోజూ రాదు. మరాఠ్వాడాలో నీళ్ళ సంగతి మీలో కొందరికి తెలియకపోవచ్చు. 2016 ఏప్రిల్‌లో మా పక్క జిల్లా లాతూర్‌కు మిరజ్ నుంచి రైల్లో తాగునీళ్ళు తెచ్చారు. అలాంటి చోట వారానికి పన్నెండు బిందెలు చేపలకు అంటే ఎవరైనా ఏమంటారో మా నానమ్మ అదే అంది. "మనుషులకు బిందె, చేపలకు పన్నెండా?" తీసేసిన నీళ్ళు వృథా కావని, నైట్రేట్ ఉంటుంది కాబట్టి కరివేపాకు చెట్టుకు, మల్లెపాదుకు ఎరువులా పనిచేస్తాయని చెప్పి చూశాను. నిజమే, పనిచేస్తాయి. కానీ మా పెరట్లో ఉన్నవి నాలుగు చెట్లు.

పైగా అదైనా కొన్ని నెలల మాటే. మూరెడు అయ్యాక ఆరడుగుల తొట్టీ చాలదు. మూడడుగుల చేపకు పది పన్నెండడుగుల పొడవు, మూడు నాలుగడుగుల వెడల్పు కావాలి. దాన్ని తొట్టి అనరు, హౌజు అంటారు. చిన్న తొట్టి కొని తర్వాత పెద్దది కొందామనుకునేవాళ్ళకు నా సలహా ఒకటే. ఆ 'తర్వాత' చేపకు ఆరు నెలల్లో వస్తుంది, మనకు ఆరేళ్ళయినా రాదు. డబ్బులుంటే మొదటే పెద్ద తొట్టి కొనాలి, లేకపోతే చిన్న చేప కొనాలి.

దుకాణాల్లో పిల్లలుగా కనిపించే పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు. ఆస్కార్ మొదటి ఏడాదిలో నెలకు దాదాపు అంగుళం చొప్పున పెరిగి అడుగు దాకా వస్తుంది. ఒక్కదానికైతే నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు తొట్టి, 250 లీటర్లు, అది కనీసం. మనిషిని గుర్తుపట్టే తెలివైన చేప అది, పెంచగలిగితే ఆస్కారే పెంచమంటాను. నుదుటి మీద బుడిపె ఉండే ఫ్లవర్‌హార్న్‌కూ అంతే జాగా కావాలి, కానీ పక్కన ఇంకో చేపను బతకనివ్వదు. నాచు తింటుందని రెండంగుళాలప్పుడు తెచ్చుకునే సక్కర్ చేప మూరెడు దాకా పెరగగలదు, నాచు తినేదానికంటే మురికి చేసేదే ఎక్కువ. కోయి కార్ప్ రెండడుగులు, దానికి తొట్టి కాదు, బయట కొలను కావాలి. రెడ్‌టెయిల్ క్యాట్‌ఫిష్ పిల్ల ఎంత ముద్దుగా ఉన్నా కొనకండి, మూడు నాలుగడుగులు పెరుగుతుంది, దానికి సరిపోయే తొట్టి మన ఊళ్ళల్లో ఎవరి ఇంట్లోనూ పట్టదు.

అరోవానా గురించి ఒక మాట ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దాన్ని చేప అని కాకుండా అదృష్టం అని కొంటున్నారు. డబ్బు వస్తుందని షాపుల గల్లా పక్కన సన్నటి తొట్టిలో పెడతారు. సిల్వర్ అరోవానా రెండు మూడడుగులు పెరుగుతుంది, నీటి పైపైన తిరుగుతుంది, భయపడితే ఎగురుతుంది. అమెజాన్‌లో అది నీటి మీదికి వంగిన కొమ్మల మీది పురుగుల కోసం ఎగిరే చేప. మూత గట్టిగా లేకపోతే పొద్దున్నే నేల మీద దొరుకుతుంది. ఆసియా అరోవానా అయితే అంతరించే ప్రమాదమున్న జాతి, అంతర్జాతీయ వ్యాపారం మీద గట్టి ఆంక్షలున్నాయి. అదృష్టం చేపకు లేనప్పుడు మనకెక్కడి నుంచి ఇస్తుంది?

సరే, మా చేపలు. పండగ రెండ్రోజుల్లో ఉందనగా ఇంట్లో పంచాయితీ పెట్టాం. నానమ్మ మాట స్పష్టం: "గంగల ఇడిసిపెట్టుండ్రి, పున్నెమొస్తది." మాకు ఏ నీళ్ళైనా గంగే. మాకు గంగ అంటే లెండి నది. బాపు సరేనన్నాడు. తమ్ముడు ఏడుస్తూనే సరేనన్నాడు. నేను ఒక్కదాన్నే వద్దన్నాను, అందరికీ నేను చేపలను బంధించే పాపాత్మురాలిలా కనిపించాను.

నా వాదన ఇది. లెండి పోయి మంజీరలో కలుస్తుంది. మంజీర కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. అక్కడి నుంచి బాసర, ఆ తర్వాత శ్రీరామసాగర్. మేం దెగ్లూర్‌లో పుణ్యానికి వదిలిన చేప బతికితే బాసర మెట్ల దగ్గర తేలొచ్చు. ఒకటి రెండు చేపలతో ఏమవుతుందని అందరూ అంటారు, అందరూ తలా రెండు వదులుతారు. ఆంధ్రప్రదేశ్ కాలువల్లో, చెరువుల్లో జాలర్ల వలలను చింపుతున్న 'డెవిల్ ఫిష్' అని పేపర్లలో చూసే ఉంటారు. అది మన తొట్లలోంచి పోయిన సక్కర్ చేప బంధువే. ఒళ్ళంతా ముళ్ళ పెంకు, తినడానికి రాదు, మార్కెట్లో కొనేవాడు లేడు, గట్లలో బొరియలు చేసి గుడ్లు పెడుతుంది. 2023లో భోపాల్ పెద్ద చెరువులో, కాశ్మీర్ దాల్ సరస్సులో మొసలి మూతి చేప ఒకటి దొరికింది. అలిగేటర్ గార్, అమెరికాది. అది ఈదుకుంటూ వచ్చింది కాదు కదా. ఎవరో పెంచి, తొట్టి చాలక, పుణ్యానికే వదిలి ఉంటారు. పంగాస్ మన నదుల్లో గుడ్లు పెట్టి సంతానం పెంచుతుందా లేదా అన్నది కాదు నేను చూసింది. తొట్టిలోని చేప తనతో పాటు రోగాలు కూడా తీసుకుపోతుంది, నదిలో ఉన్న జెల్లలకు, వాలుగలకు అవి కొత్త. లెండి గట్టున వల వేసి బతికేవాళ్ళ నోటి దగ్గరి కూడు అది.

"మరి చంపుదామా?" అన్నాడు బాపు. కోపంగా కాదు, నిజంగానే అడిగాడు. నానమ్మ వెంటనే, "హోటల్ల తినేది గిదే అంటివి గదా, పులుసు పెడ్త" అంది. తమ్ముడు అన్నం వదిలేసి లేచిపోయాడు. నాకు ఆ మాటలో తప్పేమీ కనిపించలేదు, ఇప్పటికీ కనిపించదు. కానీ పేర్లు పెట్టిన చేపలను పులుసు పెట్టలేం. వాటి పేర్లు రాజా, రాణి. నానమ్మ కూడా చివరికి ఒప్పుకుంది.

దారి కాక దగ్గర దొరికింది. ఊరి బయట చేనులో ఆయనకు శేత్‌తళె ఉంది. మహారాష్ట్రలో రైతులు చేనులో తవ్వించుకునే వాననీటి గుంతను అలా అంటారు. అడుగున ప్లాస్టిక్ పరిచిన గుంత, పైన పదిహేను మీటర్ల చదరం, మూడు మీటర్ల లోతు. వాగుకు దారి లేదు, చుట్టూ గట్టు. అందులో కాక ఇంట్లోకని నాలుగు బొచ్చెలు, రవ్వలు వేసుకున్నాడు. ఫోన్ చేస్తే ముందు నవ్వాడు, తర్వాత, "నా చేపలను తింటయా?" అన్నాడు. పంగాస్ దొరికిందల్లా తింటుంది, చిన్న పిల్లలను కూడా వదలదు. కాక చేపలు అప్పటికి మూరెడు ఉన్నాయి కాబట్టి భయం లేదని చెప్పాను. రోగాలొస్తాయేమో అన్న భయం మాత్రం నాదే. నదికి చెప్పిన మాట కాక గుంతకూ వర్తిస్తుంది కదా. అందుకని పండగ అయ్యేదాకా ఆగి, పుండ్లు మానేలా తొట్టిలో రోజూ మూడో వంతు నీళ్ళు మార్చాం. నల్లా నీళ్ళను రాత్రి బకెట్లలో పెట్టి ఉంచి పొద్దున పోసేవాళ్ళం. తిండి సగానికి తగ్గించాం. అర్రలో లైటు వెయ్యడం మానేసి గుడ్డ కప్పాం, బెదరకుండా. వారం రోజులు బిందెలు మోసిందెవరో అడగకండి. పది రోజులకు ముక్కులు ఎర్రదనం తగ్గి మామూలయ్యాయి. ఉన్న రోగం కనపడలేదు, కనపడని రోగం సంగతి కాకకు విప్పి చెప్పాను. "తేనీ బిడ్డా, నా చేపలు నేను తినేటియే గదా" అన్నాడు.

తెల్లవారుజామున చల్లగా ఉండగా తీసుకుపోయాం. మూత ఉన్న నీలం డ్రమ్ము, తొట్టి నీళ్ళే సగం పోసి, బ్యాటరీతో నడిచే గాలిమోటరు పెట్టి, కాక జీపులో. అక్కడ డ్రమ్మును గట్టు మీద దింపి, గుంత నీళ్ళు మగ్గుతో కొంచెం కొంచెం కలుపుతూ అరగంట ఆగాం. ఒక్కసారిగా కొత్త నీళ్ళలో వేస్తే ఉష్ణోగ్రత తేడాకే చేప పోతుంది. వంచగానే రాజా సర్రున పోయాడు. రాణి మాత్రం కాసేపు గట్టు పక్కనే, సరిగ్గా రెండడుగుల మేర, అటూ ఇటూ తిరిగింది. అద్దం ఉందనుకుందేమో. తమ్ముడు చప్పట్లు కొడితే అప్పుడు పోయింది.

పాత తొట్టి ఖాళీగా నెల రోజులు నడిచింది, ఫిల్టర్ తిరుగుతూ, చిటికెడు మేత పడుతూ, బాక్టీరియా కోసం. ఇప్పుడందులో ఎనిమిది జీబ్రా డేనియోలు ఉన్నాయి. నీలం చారల చేపలు, మన దేశపు వాగుల్లోవే, రెండంగుళాలు దాటవు. ప్రపంచమంతా ప్రయోగశాలల్లో పరిశోధనలకు వాడే చేప ఇదేనని తమ్ముడికి చెబితే, వాటికి పాఠాలు వచ్చేమోనని అడిగాడు. వాడిప్పుడు దుకాణానికి టేపు తీసుకుపోతున్నాడు. ప్రతి చేప దగ్గరా ఆగి "మోఠా ఝాల్యావర్ కేవ్‌ఢా?" అని మరాఠీలో అడిగి విసిగిస్తున్నాడట. పెద్దయ్యాక ఎంత అని.

మొన్న ఆదివారం కాక ఫోన్ చేశాడు. సాయంత్రం పూట మేత చల్లితే బొచ్చెల కంటే ముందు ఇవే పైకొస్తున్నాయట. పొడవెంత ఉన్నాయని అడిగాను. "నిలబడి కొలవనిస్తయా ఏంది" అన్నాడు, "మూర దాటినట్టే ఉన్నయి."